స్టార్టర్ డబ్బా బాగుచేయాలా? మార్చాలా?

బోరు వేసేముందు నాలుగు చోట్ల విచారిస్తాం. మోటారు కొనేముందు పదిమందిని అడుగుతాం. ఆ మోటారును నడిపే స్టార్టర్ డబ్బాను మాత్రం పట్టించుకోం. మోటారు రెండుసార్లు రివైండింగుకు పోయొచ్చినా, గుంజకు వేలాడే తుప్పు డబ్బా మాత్రం అదే. మోటారు మాటిమాటికీ కాలిపోతున్నా, తడి చేత్తో మీట నొక్కిన మనిషికి షాకు కొట్టినా, లోపం చాలాసార్లు ఆ డబ్బాలోనే ఉంటుంది.

డబ్బా సాధారణంగా ఒక్కరోజులో పాడవదు. ముందుగానే గుర్తులు కనిపిస్తాయి. కొన్నిటికి చిన్న మరమ్మతు చాలు. మరికొన్ని కనిపిస్తే మాత్రం డబ్బా మొత్తం మార్చాల్సిందే. ఏది ఏదో తెలిస్తే డబ్బూ మిగులుతుంది, ప్రాణమూ నిలుస్తుంది.

డబ్బాలో ఏముంది?

మూడు ముఖ్యమైన భాగాలుంటాయి. మొదటివి కాంటాక్టు పాయింట్లు. మూడు ఫేజుల కరెంటు వీటి మీదుగానే మోటారుకు పోతుంది. రెండోది కాయిల్. మీట నొక్కగానే పాయింట్లను లాగి పట్టుకుంటుంది. కరెంటు పోయినా, ఓల్టేజి బాగా పడిపోయినా వదిలేస్తుంది. మూడోది ఓవర్‌లోడు రిలే. మోటారు లాగాల్సినదానికంటే ఎక్కువ కరెంటు లాగితే, ఇందులోని రెండు లోహాల రేకు వేడికి వంగి మోటారును ఆపేస్తుంది. మోటారుకు కాపలా ఈ రిలేనే.

మరమ్మతుతో సరిపోయేవి

డబ్బా గుర్రుమని మోగుతుంటే భయపడక్కర్లేదు. ఓల్టేజి తక్కువున్నా, అయస్కాంతం ముఖం మీద దుమ్ము, తుప్పు పేరుకున్నా ఆ మోత వస్తుంది. ఓల్టేజి సరిగా ఉన్నప్పుడూ మోగుతుంటే శుభ్రం చేయించండి. అప్పటికీ తగ్గకపోతే కాయిల్ మార్పించండి.

పాయింట్లు గుంటలు పడితే మూడూ ఒకేసారి మార్చాలి. ఒక్కదాన్నే మారిస్తే మిగిలినవి సరిగా ఆనవు. ఆకురాయితో మాటిమాటికీ రుద్దితే పైనున్న వెండి పూత పోయి ఇంకా తొందరగా కాలతాయి.

స్క్రూ వదులై వైరు కొస నల్లబడితే, కాలిన ముక్క కత్తిరించి, కొత్త లగ్గు వేసి బిగిస్తే చాలు. ఉబ్బిన కెపాసిటర్‌ను విడిగా మార్చుకోవచ్చు. 3 హెచ్.పి. మోటారుకు 1 కె.వి.ఎ.ఆర్., 5 హెచ్.పి. మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ సరిపోతుంది. కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్‌లో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. వెంటనే చెయ్యి పెట్టొద్దు.

డబ్బా మార్చాల్సిన గుర్తులు

1. పాయింట్లు, స్క్రూలు బిగించి ఉన్న నల్లటి బేకలైటు దిమ్మ పగిలినా, కాలి బొగ్గయినా మరమ్మతు పనికిరాదు. బొగ్గు కరెంటును పారనిస్తుంది. అక్కడి నుంచి ఇనప డబ్బాకు కరెంటు దిగుతుంది.

2. ఆఫ్ మీట నొక్కినా మోటారు ఆగడం లేదంటే పాయింట్లు అతుక్కుపోయాయని అర్థం. ఒకసారైతే పాయింట్లు మార్చి చూడొచ్చు. మళ్లీ అతుక్కుంటే డబ్బా మార్చండి.

3. టెస్టు మీట నొక్కినా రిలే పడకపోతే, లేదా గతంలో రిలేను తప్పించి వైరు కలిపేసి ఉంటే. ఆ డబ్బాకు సరిపడే రిలే దొరికితే అది వేయించండి. దొరక్కపోతే డబ్బానే మార్చాలి.

4. తుప్పుకు చిల్లులు పడి, తలుపు మూతపడక, వాననీళ్లు, బల్లులు, ఎలుకలు లోపలికి పోతుంటే. గోనెసంచి కప్పడం దీనికి మందు కాదు. తడిసిన సంచి ఇంకా ప్రమాదం.

5. 3 హెచ్.పి. మోటారు తీసి 5 హెచ్.పి. దించితే. పాత రిలే కొత్త మోటారు ఆంపియర్లకు సరిపోదు. అయితే ఊరికే పడుతుంటుంది, లేదంటే ఎవరో ఒకరు దాన్ని డైరెక్టు చేసేస్తారు.

6. ఏడాదిలో రెండు మూడుసార్లు మరమ్మతుకు వస్తే. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటుతుంటే ఇక ఆలోచించొద్దు.

డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటుంటే ఈ లెక్కలేవీ చూడొద్దు. ఆ క్షణం నుంచి దాన్ని వాడకండి. లోపం డబ్బాలో ఉందా, కేబులులో ఉందా, మోటారులో ఉందా తేలాకే మళ్లీ ఆన్ చేయాలి. చెప్పులేసుకుంటే ఏమీ కాదులే అనుకోవద్దు.

డైరెక్టు చేయొద్దు

రిలే మాటిమాటికీ పడుతుంటే అది పాడైందనుకుని వైరు కలిపేస్తుంటారు. నిజానికి అది తన పని తాను చేస్తుండొచ్చు. 5 హెచ్.పి. మోటారు మామూలుగా 7, 8 ఆంపియర్లు లాగుతుంది. ఒక ఫేజు పోతే మిగిలిన రెండింటి మీద ఒకటిన్నర రెట్లకు మించి కరెంటు పారుతుంది. రిలే ఉంటే ఆపుతుంది. లేకుంటే వైండింగు కాలేదాకా ఆపేవారుండరు. ఫీజులో లావుపాటి తీగ చుట్టినా ఇదే సంగతి.

మోటారు పైకి తీసే కూలీ, రివైండింగు, మళ్లీ దించే ఖర్చు కలిపి చూస్తే సాధారణంగా కొత్త డబ్బా ధర దాటిపోతుంది. ఆ నాలుగు రోజులు ఎండిన పైరు నష్టం దీనికి అదనం.

ఆటో స్టార్టర్ విషయంలోనూ జాగ్రత్త. కరెంటు రాగానే ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది. అవసరం లేకున్నా నీళ్లు పారి బోరు అడుగంటుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయమని విద్యుత్ సంస్థలు రైతులను కోరింది ఇందుకే. పైగా డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు మోటారు దానంతటదే లేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కొత్తది కొనేటప్పుడు

మోటారు మీది రేకు చూసి హెచ్.పి., ఆంపియర్లు కాగితం మీద రాసుకుని దుకాణానికి పోండి. ఆ ఆంపియర్లు రిలే పరిధిలో ఉండాలి. బిగించాక రిలే ముల్లును ఆ అంకె దగ్గరే పెట్టించండి. ఐ.ఎస్.ఐ. గుర్తు, రసీదు అడగండి. ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉన్నది తీసుకుంటే మంచిది. బోరులో నీళ్లు అడుగంటేచోట డ్రై రన్ రక్షణ కూడా ఉండాలి. ఉమ్మడి బోరయితే ఖర్చు పంచుకోండి. నడిపేది ఎవరైనా షాకు అందరికీ ఒకటే.

బిగించేటప్పుడు

డబ్బా ఛాతీ ఎత్తులో, గట్టి స్తంభానికి, పైన రేకు నీడతో ఉండాలి. వైర్లు కింది నుంచే లోపలికి పోవాలి. పైనుంచి పోతే వాననీరు వైరు వెంట దిగుతుంది.

ఎర్తు లేకుంటే కొత్త డబ్బా కూడా ప్రమాదమే. రెండున్నర మీటర్ల జి.ఐ. పైపును గోతిలో నిలిపి, చుట్టూ ఉప్పు, బొగ్గు వరసలుగా నింపి, దాని నుంచి తీగ తెచ్చి డబ్బాకు బిగించాలి. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోస్తుండాలి. ఆ ఎర్తు తీగతో షెడ్డులో లైటు వెలిగించే అలవాటుంటే మానుకోండి.

స్టార్టర్ ఆఫ్ చేసినా లోపలికి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. సరఫరా లేని వేళ అయినా ఎప్పుడొస్తుందో తెలియదు. మెయిన్ తీసి, ఫీజు క్యారియర్లు ఊడదీసి జేబులో వేసుకుని, టెస్టర్ పెట్టి చూశాకే పని మొదలుపెట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు తీయాల్సి వస్తే లైన్‌మన్‌ను పిలవండి. లేదా 1912కు ఫోన్ చేయండి. మీరు ఎక్కొద్దు.

డబ్బా మార్చాక నీళ్లు మునుపటికంటే తక్కువ పోస్తే కంగారు పడకండి. ఫేజులు తారుమారై మోటారు ఎదురు తిరుగుతుండొచ్చు. మెయిన్ తీయించి, మోటారుకు పోయే మూడు వైర్లలో ఏవైనా రెండు అటూ ఇటూ మార్పిస్తే సరిపోతుంది.

ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ తీయండి. అది కుదరకపోతే ఎండు కర్రతో వైరును తప్పించండి. వట్టి చేత్తో మనిషిని ముట్టుకోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి.