పరుగునకు ముందటి పరుగు

మారథాను పరుగు పొడవు 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908లో లండను ఒలింపిక్సునాడు ఏర్పడి, 1921లో స్థిరపడిన ఈ లెక్కను మన విద్యార్థులు పరీక్షలకై కంఠస్థము చేయుదురు. కాని పరుగెత్తువారు ముందటి దినమున ఎంత దూరము నడతురో, ఎన్ని గంటలు నిలువబడుదురో ఏ పుస్తకములోను లేదు. దానిని నేను కన్నులార చూచితిని.

రాజోలు ప్రాంతమున ఉపాధ్యాయినిగా పనిచేయుచున్న ఒకామె నా పూర్వ విద్యార్థిని. వయస్సు నలువదికి దగ్గర. ఐదు నెలలపాటు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, వసిష్ఠ గోదావరి ఏటిగట్టుమీద పరుగెత్తి, ఇంటికి వచ్చి వంట ముగించి బడికి పోవుచుండెను. కోనసీమ నేల పళ్లెము వంటిది. ఎత్తెక్కుట అభ్యసింపవలెనన్న ఆమెకు దొరికినది చించినాడ వంతెన యొక్కటే. ఆదివారములందు దానిని పదిమార్లు ఎక్కి దిగెడిది. ఆమె బడిపిల్లలకు ఈ సంగతి తెలియును. "టీచరుగారు ఎన్నోవారుగా వస్తారు?" అని వారి బెంగ.

తెలుగు నగరములలో హైదరాబాదున 2011 నుండి, విశాఖలో నావికాదళము వారి పేర 2014 నుండి ఇట్టి పరుగులు జరుగుచున్నవి. ఈమె మాత్రము సెలవుల సౌకర్యమును బట్టి తెలుగుదేశమునకు వెలుపలి యొక మహానగరమును ఎన్నుకొనెను. దాని పేరు ఇచ్చట అనవసరము. అచ్చట మా తమ్ముని ఇల్లున్నది గనుక నేనును, మా ఇంటియావిడయు తోడు బయలుదేరితిమి. అమలాపురమునకు రైలు లేదు గదా. రాజమహేంద్రవరము వరకు బస్సు, ఆపైన రైలు.

శనివారము ఉదయము దిగితిమి. ఆదివారము తెల్లవారి ఐదు గంటలకు పరుగు. ముందుదినమున కాళ్లు చాపుకొని విశ్రమింపవలెను, నీరు త్రాగవలెను, అన్నము తినవలెను, కండరములలో నిలువచేసికొన్న శక్తియే మరునాటి మూలధనము అని రైలులో ఆమెయే నాకు పాఠము చెప్పినది. ఆ పాఠము పాటించుటకు వీలులేకపోయెను. ఏలయనగా రొమ్మునకు తగిలించుకొను నంబరును ఎవరికి వారే వచ్చి తీసికొనవలెను. పరుగునాడు ఇయ్యరు, మరియొకరి చేతికి ఇయ్యరు. ఇచ్చుచోటు ఊరి చివరనున్న పెద్ద ప్రదర్శనశాల. దానినే ఎక్స్‌పో అందురు.

నియమము అకారణమైనది కాదు. 1980 ఏప్రిలులో బోస్టను మారథానున రోసీ రూయిజ్ అను ఆమె చివరి మైలులో జనములోనుండి దారిమీదికి దూరి, స్త్రీలలో ప్రథమురాలిగా ప్రకటింపబడెను. కొలది దినములలో ఆ గెలుపు రద్దయినది. నేడు నంబరు వెనుక చిన్న చిప్పు అతికింపబడి యుండును. దారిలో నడుమనడుమ పరచిన చాపలను దాటినప్పుడెల్ల అది కాలమును నమోదుచేయును. దారిలో ఎవరైన సొమ్మసిల్లి పడినచో వారెవరో ఆ నంబరే చెప్పవలెను. కనుక ఎవరి నంబరు వారికే చేరవలెనన్న పట్టుదలను నేను తప్పుపట్టను.

తప్పు మరియొకచోట ఉన్నది. మెట్రోలోను ఆటోలోను గంటన్నర ప్రయాణముచేసి మధ్యాహ్నము పండ్రెండింటికి చేరితిమి. ఎండలో ఒక వరుస. అది దాటి లోనికి పోగా నంబర్ల కౌంటర్లు శాలకు ఆ చివరనున్నవి. నడుమ బూట్లు, గడియారములు, నొప్పిమందులు, బలపుపొడులు అమ్ము అంగళ్లు. మన తిరునాళ్లలో అంగళ్లు దారికి ఇరువైపుల ఉండును. ఇచ్చట అంగళ్లే దారి. ధ్వనివిస్తారకముల హోరు చెప్పనక్కరలేదు. త్రాగునీరెచ్చటనో చెప్పువారు లేరు. కుర్చీలు బూట్ల అంగడిలో మాత్రమే కలవు; కూర్చుండవలెనన్న బూటు బేరమాడవలెను. మా ఇంటియావిడ రెండు జతలు తొడిగిచూచి, ఆ నెపమున అరగంట సేదదీరెను.

లెక్కల మాస్టర్లు తరగతిలో ఇయ్యదగిన సమస్య యొకటి. పది కౌంటర్లున్నవి, మనిషికి ఒక నిమిషము, అనగా గంటకు 600 మంది. వచ్చువారు గంటకు వేయిమంది యనుకొందము. గంట గంటకు 400 మంది మిగిలిపోవుదురు. మూడు గంటలకు 1,200 మంది నిలిచియుందురు. అప్పుడు వచ్చి చేరినవాడు రెండు గంటలు ఆగవలెను. పొరుగూళ్లవారందరు శనివారమే దిగుదురని ముందుగా తెలిసికొనుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. ఎవరు ఏ యూరివారో వారి దరఖాస్తులలోనే ఉన్నది.

ఈమె వంతు వచ్చునప్పటికి మన తెలుగువారికే ప్రత్యేకమైన చిక్కొకటి తగిలెను. దరఖాస్తులో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు. ఈమె బడి రికార్డులలోవలె ఇంటిపేరును పొడియక్షరముగా వ్రాసినది. ఆధారు కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉన్నది. కౌంటరులోని కుర్రవాడు రెంటిని చూచి తల గోకికొనెను. ఇంగ్లీషులో జరిగిన సంవాదమును తెలుగుచేయుచున్నాను.

"ఇందులో మీ పేరేది?"

"వెనుక ఉన్నదండి. ముందున్నది ఇంటిపేరు."

"ఇంటిపేరైతే వెనుక కదా ఉండాలి?"

పాపము, అతడును ఉదయమునుండి ఏమియు తినినట్లు లేదు. ఆమెను సమస్యల కౌంటరునకు పంపెను. అది యొక్కటే ఉన్నది. సమస్యలు మాత్రము పెక్కు. నంబరు చేతికి వచ్చునప్పటికి సాయంకాలము ఐదున్నర. చొక్కాలలో ఆమె కొలతవి అయిపోయినవట. ఇద్దరు పట్టునంతటి దానిని చేతిలో పెట్టిరి. సంచి ఎచ్చట ఉంచవలెను, ఏ ద్వారమున ప్రవేశింపవలెను, మెట్రో తిరుగని తెల్లవారుజామున అచ్చటికి చేరుట యెట్లు అను ప్రశ్నలకు తోటి పరుగుకత్తె యొకర్తె జవాబు చెప్పినది.

"మాస్టారూ, సగం పరుగు ఇక్కడే అయిపోయిందండి" అని ఆమె నవ్వినదిగాని, చెప్పులు విడిచి మెట్లమీద కూలబడెను.

పూర్వము ఈ బాధ లేదని కొందరందురు. పూర్వపు బాధలు వేరు. 1904లో సెయింటు లూయీ ఒలింపిక్సు మారథానున ఎండలో, దుమ్ములో 32 మంది బయలుదేరగా గమ్యము చేరినవారు 14 మందియే. దారిలో నీరు దొరకుటయే గగనమయ్యెను. క్యూబానుండి వచ్చిన కార్వహాల్ అను తపాలా జవాను నిండు పంట్లామును మోకాళ్లకడ కత్తిరించుకొని పరుగెత్తి నాల్గవవాడాయెను. 1970లో న్యూయార్కు మొదటి మారథానును 127 మంది ప్రారంభించి 55 మంది ముగించిరి. 2024లో అదే నగరమున ముగించినవారు 55 వేలకు పైబడిరి. వేయిరెట్లు పెరిగినదానికి పెద్ద శాల కావలసినదే. ఆ శాలను ఎవరి సౌకర్యమునకై అమర్చితిరన్నదే నా ప్రశ్న.

ఆ మెట్లమీద కూర్చుండి నేను కనుమనాటి జగ్గన్నతోటను తలచుకొంటిని. వ్యాఘ్రేశ్వరము, గంగలకుర్రు, ఇరుసుమండ, వక్కలంక మున్నగు పదునొకండు గ్రామముల రుద్రుల ప్రభలు మొసలపల్లి శివారునకు వచ్చును. 2023 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటముగా నడచినది ఆ తీర్థపు ప్రతిరూపమే. గంగలకుర్రు ప్రభలు వరిచేలకడ్డముగా, కౌశిక పాయను దాటి వచ్చునప్పుడు చేలు త్రొక్కుడుపడినను రైతు కాదనడు. మోయువాని భుజము మీదనే అందరి చూపు. వానికి దారియిచ్చిన తరువాతనే జీళ్ల అంగడియైనను, రంగులరాట్నమైనను. మన తీర్థములో తొక్కిసలాట లేదని, అంబాజీపేట రోడ్డున బండ్లు చిక్కుపడవని నేననను. చిక్కుపడును, ఒకసారి నేనే మూడు గంటలు బస్సులో కూర్చుంటిని. కాని ప్రభ మోయువానిని అంగళ్లచుట్టు త్రిప్పుట నేను చూడలేదు.

మరునాడు ఆమె పరుగెత్తెను. ముప్పదియవ కిలోమీటరు వరకు అనుకొన్న వేగము నిలిచినది. అటుపిమ్మట పిక్కలు పట్టుకొన్నవి. నడచి, ఆగి, మరల పరుగెత్తి 5 గంటల 20 నిమిషములకు ముగించెను. ఐదు గంటలలోపల అని ఆమె సంకల్పము. శనివారము నిలిచిన గంటలకు, ఆదివారము పట్టిన పిక్కలకు సంబంధమున్నదని నేను రుజువుచేయలేను. ఎండ కావచ్చును, అనుభవలేమి కావచ్చును. ఆమెయు ఎవ్వరిని నిందింపలేదు. తిరుగు రైలులో మాత్రము నంబరు బట్టను మడతపెట్టి సంచిలో ఉంచుచు, "పిల్లలకు ఐదు గంటలని మాట ఇచ్చానండి" అనినది.

ఆ పెద్ద చొక్కాను నాకిచ్చినది. మా పెరటిలో కొబ్బరికాయలు దింపించునాడు తొడుగుకొనుచున్నాను. మొన్న ఆమె ఫోనుచేసి మరల దరఖాస్తు పెట్టుచున్నానని చెప్పినది. ఇంటిపేరు ముందు వ్రాయవలెనా, వెనుక వ్రాయవలెనా అని అడిగినది, నేను తెలుగు పంతులను గదా అని. ఇంకను జవాబు చెప్పలేదు.