వేడినీళ్ల డ్రమ్ముకు ఊక దుప్పటి

ఎండాకాలంలో ఐసుగడ్డ కరగకుండా దాని మీద ఊక కప్పుతారు. చలికాలంలో వేడినీళ్లు చల్లారకుండా కాసేదీ ఆ ఊకే. పొట్టు సందుల్లో కదలకుండా నిలిచిన గాలిని దాటడం వేడికి చాలా కష్టం, లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా. గొర్రెల కాపరి కప్పుకునే గొంగడి కూడా వేడిని పుట్టించదు, ఒంట్లో ఉన్న వేడిని పోనివ్వదు.

వనపర్తి జిల్లా ఆత్మకూరులో ఊకకు కొదవ లేదు. జూరాల ఎడమ కాలువ నీళ్లతో వరి పండే ప్రాంతమిది. వడ్లు మర పట్టిస్తే బరువులో దాదాపు ఐదో వంతు ఊకే వస్తుంది.

సోలార్ పలకతో నీళ్లు కాచి, 200 లీటర్ల ఇనుప డ్రమ్ములో నిలవ చేసుకున్నారనుకుందాం. సాయంత్రానికి నీళ్లు 60 డిగ్రీలున్నాయి, బయట 20. డ్రమ్మును ఏమీ కప్పకుండా వదిలేస్తే పన్నెండు గంటల్లో నీళ్లు 34 డిగ్రీల దగ్గరికి దిగుతాయని లెక్క. అంటే ఆరు యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి రాత్రికి రాత్రే గాలిలో కలిసిపోతుంది! అన్ని వైపులా 10 సెంటీమీటర్ల ఊక ఉంటే తెల్లారేసరికి 55 డిగ్రీలకు పైనే ఉంటాయి.

తొడుగు కట్టడం కష్టమేమీ కాదు. డ్రమ్ము అడ్డుకొలత సుమారు 57 సెంటీమీటర్లు. దాని చుట్టూ 77 సెంటీమీటర్ల వెడల్పున రేకుతోనో వెదురు తడకతోనో గుండ్రంగా గోడ నిలపాలి. డ్రమ్ము నేలకు తగలకుండా కింద ఇటుకలు పేర్చి, వాటి సందుల్లోనూ ఊక నింపాలి. చుట్టూ ఉన్న ఖాళీలో ఊక పోస్తూ కర్రతో కూరాలి. మొత్తం పాతిక ముప్పై కిలోలు పడుతుంది. కొన్నాళ్లకు ఊక కిందికి దిగుతుంది కాబట్టి పైన మళ్లీ నింపుకోవాలి. వేడినీళ్లు పైకే చేరతాయి, అందుకే మూత మీద ఊక నింపిన గోనెసంచిని మందంగా పరవాలి. బయటికి వచ్చే పైపుకు కనీసం మీటరు పొడవున పాత దుప్పటి గుడ్డ చుట్టాలి.

10 సెంటీమీటర్లకు చోటు లేకపోయినా దిగులు పడనక్కర్లేదు. మొదటి 5 సెంటీమీటర్లే పోయే వేడిలో దాదాపు తొంభై శాతాన్ని ఆపేస్తాయి.

ఊకకు అసలు శత్రువు తడి. నిలిచిన గాలికంటే నీళ్లు ఇరవై రెట్లకు పైగా వేడిని దాటిస్తాయి. డ్రమ్ము చెమ్మగిల్లినా, వాన పడినా శ్రమంతా వృథా. అందుకే ముందే కారుతున్న చోట్లు మూసి, తొడుగు మీద పాలిథీన్ పట్టా కప్పాలి. ఆవిరి పోయే గొట్టాన్ని మాత్రం ఎప్పుడూ మూయకూడదు, లోపల ఒత్తిడి పెరిగి డ్రమ్ము పగిలే ప్రమాదం ఉంది. ఊక నిప్పంటుకుంటే మంట లేకుండానే లోలోపల రగులుతుంది. కాబట్టి కింద కట్టెలు పెట్టి కాచే డ్రమ్ముకు ఈ తొడుగు పనికిరాదు, హీటరు తీగలు కూడా ఊకకు దూరంగా ఉండాలి.

మొదటి రాత్రి గడిచాక పొద్దున్నే తొడుగు చుట్టూ అరచేయి ఆనించి చూడాలి. వెచ్చగా తగిలిన చోట గుర్తు పెట్టుకుని, అక్కడ మరో గుప్పెడు ఊక కూరితే చాలు.