బీపీటీ: ఫిజియోథెరపీ కాలేజీలో విద్యార్థులు ఏం నేర్చుకుంటారు? చేరే ముందు ఏం చూసుకోవాలి?

ఇంటర్ బైపీసీ ఫలితాలు వచ్చాక చాలా ఇళ్లలో జరిగే చర్చ ఒకటే. ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు, బీడీఎస్ ఫీజు భరించలేం, మరి ఏం చేయాలి? అప్పుడు వినిపించే పేర్లలో బీపీటీ ఒకటి. అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ. కానీ ఆ కాలేజీలో నాలుగైదేళ్లు ఏం జరుగుతుందో తెలిసి చేరేవాళ్లు తక్కువ. 'మసాజ్ నేర్పిస్తారా?' అని బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియని ఫస్టియర్ విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఈ కోర్సులో విద్యార్థి ఏ మేరకు తయారవుతాడన్నది ప్రధానంగా ఒక విషయం మీద ఆధారపడి ఉంటుంది. ఎంతమంది రోగులను, ఎన్ని రకాల సమస్యలను సీనియర్ల పర్యవేక్షణలో తన చేతులతో చూశాడన్నదే ఆ విషయం. కాలేజీ ఎంచుకోవడానికైనా, ఆసుపత్రిలో మీ అమ్మగారికి వ్యాయామం చేయిస్తున్న విద్యార్థిని నమ్మవచ్చా అని తేల్చుకోవడానికైనా ఇది తెలిసి ఉండటం మంచిది.

ఎన్నేళ్ల కోర్సు?

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటిదాకా నడిచిన పద్ధతి నాలుగున్నరేళ్లు. నాలుగేళ్ల చదువు, ఆ తర్వాత ఆరు నెలల ఇంటర్న్‌షిప్. అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ 2025లో విడుదల చేసిన కొత్త పాఠ్య ప్రణాళికలో దీన్ని ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్లు చేశారు. మీరు చేరే బ్యాచ్‌కు ఏ పద్ధతి వర్తిస్తుందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ కోర్సుకు ప్రవేశాల నోటిఫికేషన్లు ఇస్తాయి. హైదరాబాద్‌లోని నిమ్స్‌లోనూ బీపీటీ ఉంది. దానికి విడిగా నోటిఫికేషన్ వస్తుంది.

మొదటి రెండేళ్లు: పక్క బెంచీ స్నేహితుడే పేషెంట్

మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీలదే. ఏ కండరం ఏ ఎముక దగ్గర మొదలై ఎక్కడ కలుస్తుంది, దానికి ఏ నరం అందుతుంది అన్నది నోటికి రావాలి. చాలామంది విద్యార్థులకు ఇదే మొదటి గండం. మార్కుల కోసం బట్టీపట్టిన విషయం మర్నాడు ప్రాక్టికల్ క్లాసులో మనిషి ఒంటి మీద వేలు పెట్టి చూపించాల్సి వస్తుంది.

ఆ ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు ఒకరికొకరు పేషెంట్లు. ఒకరు బల్ల మీద పడుకుంటే, మరొకరు గోనియోమీటర్‌తో మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలుస్తారు. గోనియోమీటర్ అంటే రెండు చేతులున్న కోణమానిని లాంటి పరికరం. ఒకే మోకాలిని ముగ్గురు కొలిస్తే మొదట్లో మూడు అంకెలు వస్తాయి. ఆ తేడా తగ్గేదాకా కొలుస్తూనే ఉండాలి. ఎందుకంటే రేపు రోగి మెరుగయ్యాడా లేదా అని తేల్చేది ఆ అంకే.

తర్వాత ఎలక్ట్రోథెరపీ వస్తుంది. అల్ట్రాసౌండ్, టెన్స్, ఐఎఫ్‌టీ, షార్ట్‌వేవ్ డయాథెర్మీ, మైనపు చికిత్స అన్నీ ఇందులోవే. మీటలు నొక్కడం ఒక్క రోజులో వచ్చేస్తుంది. ఎవరికి పెట్టకూడదో తెలుసుకోవడమే అసలు చదువు. గుండెకు పేస్‌మేకర్ ఉన్న వ్యక్తికి షార్ట్‌వేవ్ డయాథెర్మీ ప్రమాదం. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి పరీక్షించకుండా వేడి చికిత్స ఇస్తే, చర్మం కాలుతున్నా వారికి తెలియదు.

వార్డులో అడుగుపెట్టాక ఏం మారుతుంది?

క్లినికల్ పోస్టింగులు మొదలయ్యాక ఆర్థోపెడిక్స్, న్యూరాలజీ, ఐసీయూ, పిల్లల విభాగం, ఓపీ... ఇలా విద్యార్థులను విభాగాల వారీగా తిప్పుతారు. పుస్తకంలో చదివిన రోగికీ, మంచం మీదున్న రోగికీ ఎంత తేడా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

పక్షవాతం వచ్చిన వ్యక్తినే తీసుకుందాం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట స్పష్టంగా లేదు. పుస్తకం ప్రకారం మొదట కండర బలం పరీక్షించాలి. కానీ ఆయన భార్య పక్కన ఏడుస్తుంటుంది. కొడుకు 'ఎన్ని రోజుల్లో నడుస్తారు?' అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పకుండా, ఆశ చంపకుండా జవాబివ్వడం ఏ పేపర్‌లోనూ నేర్పరు. సీనియర్ ఎలా మాట్లాడారో చూసి నేర్చుకోవాల్సిందే.

అదే వార్డులో విద్యార్థి బంధువులకు చెప్పాల్సిన మొదటి జాగ్రత్త ఒకటుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని రోగిని లేపకూడదు. బలంలేని భుజం కీలు ఆ లాగుడుకు జారిపోయే ప్రమాదం ఉంది. పది నిమిషాల్లో చెప్పే ఈ సంగతి నెలల నొప్పిని తప్పించగలదు.

ఐసీయూ పోస్టింగ్ ఇంకోలా ఉంటుంది. చుట్టూ మానిటర్లు, పైపులు. ఊపిరితిత్తుల్లో పేరుకున్న కఫాన్ని బయటికి తెప్పించడం, మంచం మీదే కాళ్లూ చేతులూ కదిలించడం, వీలైనంత త్వరగా కూర్చోబెట్టడం ఇక్కడి పని. ఆక్సిజన్ అంకె తగ్గగానే ఆపేయాలని తెలిసి ఉండాలి. తొలి రోజుల్లో రోగిని ముట్టుకోవడానికే చేతులు వణికే విద్యార్థులు ఉంటారు. అది సహజమే.

ఓపీలో ఎదురయ్యే చిక్కు వేరు. విరిగిన చేతికి కట్టు కట్టించుకుని, వారాల తరబడి కదపకుండా ఉంచి, మోచెయ్యి బిగుసుకుపోయాక వచ్చేవారు ఉంటారు. రోజుకు మూడుసార్లు వ్యాయామం చేయమంటే తల ఊపి వెళ్తారు. మళ్లీ వచ్చినప్పుడు చూస్తే కీలు అలాగే ఉంటుంది. కూలి పని వదులుకుని వారానికి మూడుసార్లు ఆసుపత్రికి రావడం వారికి సాధ్యం కాదు. కాబట్టి వ్యాయామాన్ని వారి రోజులో ఇమడ్చడం విద్యార్థి నేర్చుకోవాలి. 'ఉదయం పాలు పితికే ముందు పదిసార్లు, రాత్రి అన్నం తిన్నాక పదిసార్లు' అని చెబితే గుర్తుంటుంది. 'రోజుకు మూడు సెట్లు' అంటే గుర్తుండదు.

ఇక్కడ విజయాన్ని ఎలా కొలుస్తారు?

ఫిజియోథెరపీలో ఫలితం ఒక్క రోజులో కనిపించదు. అందుకే చిన్న మార్పునైనా అంకెల్లో రాసే అలవాటు విద్యార్థులకు చేస్తారు. ముఖ్యమైనవి ఇవి:

• కండర బలం: 0 నుంచి 5 వరకు. కండరం కాస్త అదిరినట్టు తెలిస్తే 1. కాలు పూర్తి మేర పైకి ఎత్తగలిగితే 3. మామూలు బలం ఉంటే 5.

• బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్: 14 పనులు, మొత్తం 56 మార్కులు. నిలబడటం, తిరగడం, కింద వస్తువు తీయడం వంటివి ఇందులో ఉంటాయి.

• బార్తెల్ ఇండెక్స్: తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మెట్లెక్కడం వంటి పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో 0 నుంచి 100 వరకు వేస్తారు.

• టైమ్డ్ అప్ అండ్ గో: కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయం. పెద్ద వయసువారికి 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే, పడిపోయే ముప్పు ఉందని భావిస్తారు.

ఒక రోగి కాలి బలం 1 నుంచి 2కు వచ్చిందంటే ఇంట్లోవాళ్ల కంటికి ఏ తేడా కనపడకపోవచ్చు. ఆయన ఇంకా మంచం మీదే ఉంటారు. కానీ ఆ కేసు చూస్తున్న విద్యార్థికి అది పండగే. దారి ఉందని తెలిసింది కదా. యూనివర్సిటీ ర్యాంకులు, కాన్ఫరెన్స్ పోస్టర్ బహుమతులు, అంతర కళాశాలల పోటీల కప్పులు కూడా సాధించినవే. అయితే మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన పెద్దావిడ మోకాలు 90 డిగ్రీలు వంగి, ఎవరి సాయం లేకుండా కుర్చీలో కూర్చున్న రోజును విద్యార్థులు ఎక్కువకాలం గుర్తుపెట్టుకుంటారు.

ఈ అంకెలతో పాటు రోగికి ఏం కావాలో అడగడమూ నేర్పుతారు. మన దగ్గర చాలామంది అడిగేది 'బాసింపట్టు వేసుకుని కూర్చోగలనా? ఇండియన్ టాయిలెట్ వాడగలనా?' అని. విదేశీ పాఠ్యపుస్తకాల్లో నడక, మెట్ల గురించి దొరికినంత వివరంగా వీటి గురించి దొరకదు. కొన్ని శస్త్రచికిత్సల తర్వాత ఆ భంగిమలు వద్దని చెప్పాల్సి వస్తుంది. అప్పుడు వద్దని ఊరుకోకుండా, ఎత్తు పీట, కమోడ్ కుర్చీ వంటి దారి కూడా చూపించాలి.

చదివాక పని ఎక్కడ?

కార్పొరేట్ ఆసుపత్రులు, సొంత క్లినిక్, ఇంటికి వెళ్లి చేసే సేవలు అందరికీ తెలిసినవే. ప్రభుత్వ రంగంలోనూ చోటుంది. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు ఉండాలి. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమంలోనూ వీరి పాత్ర ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఇస్తారు. ఈ పోస్టుల్లో చాలావరకు కాంట్రాక్టువే అన్నది చేరేముందే తెలియాలి.

క్రీడారంగం మరో దారి. పీవీ సింధు బృందంలో ఫిజియోగా పనిచేసిన ఇవాంజెలిన్ బద్దం పేరు క్రీడాభిమానులకు తెలిసిందే. అయితే ఇలాంటి అవకాశాలు కొద్దిమందికే దక్కుతాయి.

అమెరికా వెళ్లాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ కొత్తగా చదివేవారికి ఇప్పుడు డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ డిగ్రీ ఉంటుంది. మన బీపీటీతో వెళ్లేవారి చదువును అక్కడి ప్రమాణాలతో పోల్చి మదింపు చేస్తారు. ఆ తర్వాత లైసెన్సు పరీక్ష రాయాలి. డిగ్రీ చేతికి రాగానే అక్కడ ప్రాక్టీసు పెట్టొచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

పేరు ముందు 'డాక్టర్' పెట్టుకోవచ్చా?

ఇది విద్యార్థుల్లో ఎప్పుడూ నలిగే ప్రశ్న. 2025 పాఠ్య ప్రణాళికలో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు 'డాక్టర్', చివర 'పీటీ' అని రాసుకోవచ్చన్నారు. అదే ఏడాది సెప్టెంబర్ 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ దీన్ని వ్యతిరేకిస్తూ లేఖ ఇచ్చింది. మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. వాదన అక్కడితో ముగియలేదు.

రోగికి ఇంతకన్నా ముఖ్యమైన విషయం 2021 నాటి జాతీయ కమిషన్ చట్టంలో ఉంది. ఆ చట్టం ప్రకారం ఫిజియోథెరపిస్టు సొంతంగా గానీ, ఇతర నిపుణుల బృందంలో భాగంగా గానీ ప్రాక్టీసు చేయవచ్చు. కనీస అర్హత డిగ్రీ. అంటే కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సు చేసినవారు ఫిజియోథెరపిస్టు కారు.

కాలేజీలో చేరే ముందు ఏం అడగాలి?

• కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా? లేకపోతే ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది? అది ఎంత దూరం?

• ఫిజియోథెరపీ ఓపీకి రోజుకు ఎంతమంది వస్తున్నారు? ఉదయం పూట స్వయంగా వెళ్లి కాసేపు కూర్చుని చూడండి.

• న్యూరాలజీ, ఐసీయూ, పిల్లల విభాగం పోస్టింగులు ఉన్నాయా? ఆర్థోపెడిక్ ఓపీతోనే సరిపెడుతున్నారా?

• పోస్టింగ్‌లో ఒక్కో అధ్యాపకుడి కింద ఎంతమంది విద్యార్థులు ఉంటారు?

• యూనివర్సిటీ అనుబంధం ఈ ఏడాదికి ఉందా?

• ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారా? ఇస్తే ఎంత?

వీటికి సూటిగా జవాబు రాకపోతే ఇంటర్న్‌షిప్‌లో ఉన్న విద్యార్థులతో మాట్లాడండి. 'ఈ నెలలో ఎన్ని పక్షవాతం కేసులు చూశారు?' అని అడిగితే చాలు, కాలేజీ ఎలాంటిదో తెలిసిపోతుంది.

మీకు చికిత్స చేస్తున్నది విద్యార్థి అయితే?

బోధనాసుపత్రుల్లో ఇది మామూలే. పర్యవేక్షించే సీనియర్ ఎవరో అడిగే హక్కు మీకుంది. మొదటి రోజు కొలిచిన అంకెలు, ఇవాళ్టి అంకెలు చూపించమనండి. రాసిపెట్టి ఉంటే చికిత్స పద్ధతిగా సాగుతోందని అర్థం. వచ్చిన ప్రతిసారీ ఏ పరీక్షా లేకుండా యంత్రం పెట్టి పంపించేస్తుంటే మాత్రం సీనియర్‌ను పిలవమని చెప్పండి. నొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే చెప్పండి. మొహమాటపడి ఓర్చుకోవద్దు. మీరు చెబితేనే ఆ విద్యార్థికి కూడా ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.