కొయ్య ఎముకల స్పోర్ట్స్ కారు

మోర్గాన్ కారు తయారయ్యేది ఇంగ్లండులో, ఉస్టర్‌షైర్ కౌంటీలోని మాల్వర్న్ లింక్ అనే చిన్న ఊళ్ళో. మాల్వర్న్ కొండల దిగువన, పికర్స్‌లీ రోడ్డు పక్కన బారులు తీరిన ఇటుక షెడ్లే దాని ఫ్యాక్టరీ. కార్ల ఫ్యాక్టరీ అనగానే కళ్ళకు కట్టే కదిలే బెల్టు, నిప్పురవ్వలు చిమ్మే రోబో చేతులు ఇక్కడ కనిపించవు. ఒక షెడ్డులో పని ముగిసిన కారును మనుషులే నెట్టుకుంటూ పక్క షెడ్డుకు చేరుస్తారు. వడ్రంగం సాగే చోట పెట్రోలు వాసన కన్నా చిత్రిక పట్టిన చెక్క వాసనే ఎక్కువ. టికెట్టు కొన్న కుటుంబాలు గైడు వెంట షెడ్డు షెడ్డుకూ నడుస్తూ, పని జరుగుతుండగానే చూడవచ్చు. ఒక స్పోర్ట్స్ కారు ఎలా పుడుతుందో ఇంత దగ్గరగా చూపించే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

ఈ కారుకు ఆద్యుడు హెన్రీ ఫ్రెడరిక్ స్టాన్లీ మోర్గాన్. 1881లో పుట్టాడు. తండ్రి జార్జ్ మోర్గాన్ హియర్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ లేసీ గ్రామంలో ఆంగ్లికన్ చర్చి మతగురువు. హెన్రీ స్విండన్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వే కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. తరువాత మాల్వర్న్ లింక్‌లో గ్యారేజీ తెరిచాడు. తనకోసం తేలికైన బండి ఒకటి కట్టుకోవాలన్నది అతని కోరిక. ఊళ్ళోని మాల్వర్న్ కాలేజీలో ఇంజనీరింగ్ బోధించే స్టీఫెన్సన్ పీచ్ తన వర్క్‌షాపును వాడుకోనిచ్చి, తానూ చెయ్యి కలిపాడు. అలా 1909లో మొదటి మోర్గాన్ రోడ్డెక్కింది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, కూర్చోవడానికి ఒకే సీటు. దాన్ని వ్యాపారంగా మలచడానికి పెట్టుబడి పెట్టింది తండ్రే. కొడుకు బ్రూక్‌లాండ్స్ పందేల ట్రాక్ మీద బండి తోలుతుంటే ఆ మతగురువు టాప్ హ్యాట్ పెట్టుకుని అంచున నిలబడి చూసేవాడు.

మూడు చక్రాల బండి పైకి ఆటబొమ్మలా ఉన్నా దాని లోపల ఇంజనీరింగ్ చాలా పొందికైనది. రెండు సిలిండర్ల మోటార్‌సైకిల్ ఇంజను బండికి ముందు భాగాన, గాలి తగిలేలా ఉండేది. మొదటి బండికి వాడింది ప్యూజో ఇంజను. అక్కడి నుంచి పొడవాటి లావు గొట్టం వెనక్కి సాగేది. ఆ గొట్టమే బండికి వెన్నెముక. శక్తిని మోసే షాఫ్టు దాని లోపలే తిరిగేది. వెనక బెవెల్ గేర్ల దగ్గర షాఫ్టు తిప్పుడు అడ్డంగా మళ్ళి, రెండు వేర్వేరు గొలుసుల ద్వారా వెనక చక్రానికి అందేది. ఒక గొలుసు నెమ్మది గేరు, రెండోది వేగం గేరు. మీట జరిపితే పళ్ళ క్లచ్ ఏదో ఒక గొలుసును పట్టుకునేది. అంతటితో గేర్‌బాక్స్ పని అయిపోయినట్టే. రివర్స్ లేదు. బండి అంత తేలిక కాబట్టి దిగి వెనక్కి లాక్కోవచ్చు.

1910లో లండన్ ఒలింపియా ప్రదర్శనకు పెట్టిన ఒంటి సీటు బండ్లను జనం మెచ్చుకున్నారు కానీ ఆర్డర్లు కొద్దిగానే వచ్చాయి. పక్కన మరొకరు కూర్చునే వీలు లేని బండి కొనేదెవరు? మరుసటి ఏడాది రెండు సీట్ల బండి రావడంతో కథ మారింది. లండన్‌లోని హారడ్స్ దుకాణం దాన్ని తన కిటికీ అద్దాల వెనక ప్రదర్శనకు పెట్టింది. 1912లో హెన్రీ బ్రూక్‌లాండ్స్‌లో ఒక్క గంటలో దాదాపు 60 మైళ్ళు నడిపాడు. 1913లో ఫ్రాన్స్‌లోని అమియాఁలో జరిగిన, సైకిల్‌కార్లనే తేలికపాటి చిన్న బండ్ల పందెంలో మోర్గాన్ గెలిచింది. ఆ తరువాత పన్ను కూడా కలిసొచ్చింది. 1921 నుంచి బ్రిటన్‌లో కార్లకు హార్స్‌పవర్‌కు ఒక పౌండు చొప్పున ఏటా పన్ను పడింది. తేలికైన మూడు చక్రాల బండిని మాత్రం మోటార్‌సైకిల్ కింద లెక్కగట్టి 4 పౌండ్లతో సరిపెట్టారు. మధ్యతరగతి ఇళ్ళలోకి ఈ బండి వెళ్ళడానికి ఇది పెద్ద కారణం.

1922లో ఆస్టిన్ సెవెన్ వచ్చింది. నాలుగు చక్రాలు, నలుగురికి సీట్లు, చవక ధర. దాని దెబ్బకు చిన్న సైకిల్‌కార్ల కంపెనీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మోర్గాన్ తట్టుకుంది కానీ మూడు చక్రాల గిరాకీ ఏటేటా తగ్గుతూ వచ్చింది. చివరికి 1936లో నాలుగో చక్రం చేర్చక తప్పలేదు. నాలుగు చక్రాలు, నాలుగు సిలిండర్లు కాబట్టి ఆ కారు పేరు 4/4. కవెంట్రీ క్లైమాక్స్ తయారుచేసిన 1122 సీసీ ఇంజను దానికి అమర్చారు. పాత తరహా మూడు చక్రాల బండి 1950ల మొదట్లో ఆగిపోయింది. 4/4 పేరు మాత్రం, రెండో ప్రపంచ యుద్ధం వంటి విరామాలు వచ్చినా, ఎనభై ఏళ్ళకు పైబడి బతికింది.

మోర్గాన్ గురించి అందరూ చెప్పుకునే మాట, దాని ఛాసిస్‌ను, అంటే ఇంజనునూ చక్రాలనూ మోసే అడుగు చట్రాన్ని, చెక్కతో చేస్తారని. అది తప్పు. 4/4 ఛాసిస్ ఉక్కుది. చెక్కతో చేసేది ఆ ఛాసిస్ మీద కూర్చునే బాడీ చట్రం. గుర్రపు బగ్గీలు కట్టినవాళ్ళ పద్ధతి ఇది. తొలినాళ్ళ కార్లు చాలావరకు ఇలాగే ఉండేవి. లోపల కొయ్య ఎముకలు, పైన రేకు చర్మం. మిగతా కంపెనీలు పెద్ద ప్రెస్సులు కొని ఒకే దెబ్బకు ఉక్కు బాడీలు అచ్చుగుద్దడం మొదలుపెట్టాక ఈ పద్ధతి కనుమరుగైంది. అటువంటి ప్రెస్సుల ఖర్చు గిట్టాలంటే వేల కొద్దీ కార్లు అమ్మాలి. ఏడాదికి కొన్ని వందలు మాత్రమే కట్టే ఫ్యాక్టరీకి వడ్రంగి బల్లే లాభసాటి. మోర్గాన్‌లో కొయ్య నిలిచింది పాతకాలపు మోజు వల్లనే అనుకుంటే ఈ లెక్కను మరిచినట్టే.

ఆ కొయ్య యాష్ చెట్టుది. క్రికెట్ స్టంపులు, గొడ్డళ్ళ పిడులు దీనితో చేస్తారు. దెబ్బ తగిలితే విరిగిపోకుండా కొంత వంగి, మళ్ళీ నిలబడే గుణం దానికుంది. దాని పొడవాటి నారలే అందుకు కారణం. కారుకు కావలసింది సరిగ్గా ఇదే. గుంతల రోడ్డు మీద ఛాసిస్ మెలి తిరిగినప్పుడు బాడీ కూడా కొద్దిగా సాగి, అదురును తనలో ఇంకించుకోవాలి. వెనక చక్రాల మీది కమానులు కట్టడం వడ్రంగం షెడ్డులో చూడదగ్గ దృశ్యం. ఒకే దుంగను చెక్కి కమాను చేస్తే వంపు దగ్గర నారలు తెగి చీలుతుంది. అందుకని పలుచటి యాష్ పట్టీలకు జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వంపు తిరిగిన అచ్చులో పెట్టి క్లాంపులతో బిగిస్తారు. జిగురు ఆరి అచ్చు నుంచి తీసేసరికి ఆ వంపు శాశ్వతమవుతుంది. నారలు వంపు వెంటే సాగుతాయి కనుక బలమూ తగ్గదు. చట్రమంతా కట్టాక పురుగు, బూజు పట్టకుండా మందులో ముంచుతారు. తలుపులను ఉలితో, చిత్రికతో సరిచేస్తూ, సందు అంతా ఒకే వెడల్పు వచ్చేవరకూ అమరుస్తారు. ఒక కారు తలుపు మరో కారుకు సరిపోతుందన్న నమ్మకం లేదు.

రేకు షెడ్డులో మరో రకం ఓపిక. బానెట్ మీద ఇంజను వేడి బయటికి పోవడానికి వరుసగా ఉండే చీలికలను ప్రెస్సు మీద ఒక్కొక్కటిగా గుద్దుతారు. చివరి చీలిక వంకర పోతే అంతవరకూ పడ్డ కష్టం వృథా. ముందు చక్రాల మీది పొడవాటి మడ్‌గార్డుల పద్ధతి మాత్రం పూర్తిగా కొత్తది. ఒకప్పుడు సుత్తితో కొట్టి వంపులు తీసేవారు. ఇప్పుడు అల్యూమినియం రేకును సుమారు 450 నుంచి 500 డిగ్రీల వరకు వేడిచేసి, గాలి పీడనంతో అచ్చు మీదికి సాగదీస్తారు. ఆ వేడిలో ప్రత్యేక మిశ్రమ లోహం చపాతీ పిండిలా చినగకుండా సాగుతుంది. ఏది చేత్తో చేయాలో, ఏది యంత్రానికి వదలాలో ఈ ఫ్యాక్టరీ ఆలోచించే ఎంచుకుందనడానికి ఇది సాక్ష్యం.

1909 బండిలో హెన్రీ పెట్టిన ముందు సస్పెన్షన్ కూడా కొయ్య చట్రంలాగే దీర్ఘాయువు పొందింది. నిలువుగా నిలిచిన కడ్డీ మీద చక్రాన్ని మోసే భాగం పైకీ కిందికీ జారుతుంది. దానికి కింద, పైన స్ప్రింగులు. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రానికి ఆ కుదుపు అందదు. చాలా కంపెనీల కార్లకు ముందు ఇరుసు ఒకే కడ్డీగా ఉన్న రోజుల్లో ఇది ఎంతో ముందుచూపు. జారే చోట కందెన తగ్గకుండా, తరువాతి కార్లలో డ్రైవరు కాలితో మీట నొక్కి ఇంజను ఆయిలునే అక్కడికి పంపే ఏర్పాటు చేశారు. ఈ సస్పెన్షన్ 2020 వరకూ కొత్త కార్లలో నడిచింది.

1959లో హెన్రీ మరణించాక కొడుకు పీటర్ మోర్గాన్ పగ్గాలు పట్టాడు. 1962 లె మాన్స్ 24 గంటల పందెంలో క్రిస్ లారెన్స్, రిచర్డ్ షెపర్డ్-బారన్ నడిపిన ప్లస్ ఫోర్ అనే మోర్గాన్ కారు 2 లీటర్ల తరగతిలో గెలిచింది. పందెం అయ్యాక అదే కారును రోడ్డు మీద నడుపుకుంటూ ఇంటికి వెళ్ళారు. ఆ దశకంలోనే ఫైబర్ బాడీతో, మూసిన పైకప్పుతో తెచ్చిన ప్లస్ ఫోర్ ప్లస్ మాత్రం అభిమానులకు రుచించలేదు. కేవలం 26 కార్లు కట్టి ఆపేశారు. 1968లో రోవర్ 3.5 లీటర్ల వీ8 ఇంజనుతో వచ్చిన ప్లస్ 8 అసలైన విజయం. టన్నుకు లోపు బరువున్న పాత రూపు కారులో అంత పెద్ద ఇంజను పెట్టడంతో ఆనాటి ఖరీదైన కార్లను అది చిరునవ్వుతో దాటిపోయేది. ఆ కారు 2004 వరకూ తయారైంది.

1990లో ప్రసారమైన బీబీసీ టెలివిజన్ కార్యక్రమం కోసం సర్ జాన్ హార్వీ-జోన్స్ ఈ ఫ్యాక్టరీకి వచ్చాడు. ఐసీఐ అనే పెద్ద రసాయనాల కంపెనీకి ఆయన అధ్యక్షుడిగా చేసినవాడు. కారు చేతికి రావడానికి కొనేవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూడటం ఆయనకు వింతగా తోచింది. తయారీ పెంచండి, పద్ధతులు మార్చండి అన్నాడు. మోర్గాన్ కుటుంబం ఒప్పుకోలేదు. ఆ పొడవాటి వరుసే గడ్డుకాలంలో తమను కాపాడుతుందన్నది వాళ్ళ వాదన. అందులో సగం న్యాయముంది. మార్పు అవసరమన్న ఆయన మాటలోనూ న్యాయముంది. 2000లో జెనీవా ప్రదర్శనలో వచ్చిన ఏరో 8 ఆ రెండింటినీ కలిపింది. ఆ కారులో ఉక్కు ఛాసిస్ స్థానంలో జిగురుతోనూ రివెట్లతోనూ అతికిన అల్యూమినియం ఛాసిస్, బీఎండబ్ల్యూ వీ8 ఇంజను వచ్చాయి. పైన చట్రం మాత్రం యాష్‌దే.

2019లో కొత్త అల్యూమినియం ఛాసిస్‌తో ప్లస్ సిక్స్ వచ్చింది. అదే ఏడాది ఇటలీకి చెందిన ఇన్వెస్ట్‌ఇండస్ట్రియల్ అనే సంస్థ మోర్గాన్ కంపెనీలో అధిక వాటా కొనుగోలు చేసింది. వందేళ్ళకు పైగా కుటుంబం చేతిలో ఉన్న సంస్థలో మోర్గాన్‌లకు ఇప్పుడు చిన్న వాటాయే మిగిలింది. 2020తో పాత ఉక్కు ఛాసిస్ చరిత్రలో కలిసింది. 2022లో ఫోర్డ్ మూడు సిలిండర్ల ఇంజనుతో వచ్చిన సూపర్ 3, హెన్రీ కట్టిన మూడు చక్రాల బండికి కొత్త వారసురాలు.

కొయ్యకు ఇప్పుడు వచ్చిన ముప్పు వ్యాపారం వైపు నుంచి కాదు, ప్రకృతి వైపు నుంచి. యాష్ చెట్లను ఎండబెట్టే శిలీంధ్ర వ్యాధి 2012లో బ్రిటన్‌లో బయటపడి, అడవుల్లో పెద్ద ఎత్తున చెట్లను చంపుతోంది. అయినా మాల్వర్న్ లింక్ వడ్రంగులు పని ఆపలేదు. అల్యూమినియం ఛాసిస్ మీద నిలిచే నాలుగు చక్రాల మోర్గాన్‌లకు బాడీ చట్రం నేటికీ యాష్ కర్రతోనే కడుతున్నారు.