ఉన్నత పాఠశాలలో చివరి యేడు: పంచాయతీ చేయదగిన సాయము

మీ గ్రామములో చెరువు క్రింద ఆయకట్టు ఎంత, మంచినీటి కుళాయిలెన్ని, వెలుగుచున్న వీధి దీపములెన్ని అని అడిగినచో పంచాయతీ సభ్యులు తడుముకొనక సమాధానము చెప్పగలరు. ఈ సంవత్సరము మీ గ్రామమునుండి పదవ తరగతి చదువుచున్న పిల్లలెందరని అడిగినచో మాత్రము చాలచోట్ల సభ్యులు ఒకరి ముఖమొకరు చూచుకొందురు. ఇది వారి అశ్రద్ధ అని మేమనము. ఉన్నత పాఠశాల తరచుగా పొరుగూరిలోనో, మండల కేంద్రములోనో ఉండును. పిల్లలు ఉదయము పోయి ప్రొద్దుగూకునప్పటికి వత్తురు. చదువు చెప్పుట ఉపాధ్యాయుల పని, పరీక్ష వ్రాయుట పిల్లల పని, నడుమ పంచాయతీకి పని యేమున్నదని అందరును తలంతురు.

పని యున్నది. 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందు 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. 18వది సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య. 20వది గ్రంథాలయములు. మరియొక సంగతి కూడ కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను హామీ యిచ్చినది. ఆ హామీ ఎనిమిదవ తరగతితో ముగియును. పదవ తరగతి పిల్లలకు పదునైదేండ్లు. వారు బడి మానినచో ఆ చట్టము పేర అడుగువారుండరు. గ్రామ పెద్దలే అడుగవలెను.

పదవ తరగతి యనగా వేసవి మొదట జరుగు పరీక్ష యని పలువురి యభిప్రాయము. పరీక్షలో తేలునది అంతకుముందు జరిగిన దాని లెక్క మాత్రమే. ఆ యేడు బాగుపడుటకును, చెడుటకును కారణములు జూన్ మాసము మొదలుకొని ఇంటిలోను, గ్రామములోను పుట్టుచుండును. వానిలో కొన్నిటిని పంచాయతీ సులభముగా సరిదిద్దగలదు.

పేరు, పుట్టిన తేదీ

అన్నిటికంటె ముందుగా చూడవలసినది, అన్నిటికంటె ఎక్కువగా మరచిపోవునది, పిల్లల పేరు. పరీక్షకు కొన్ని మాసముల ముందే పాఠశాలలో నామినల్ రోల్సు తయారగును. విద్యార్థి పేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, కడకు పుట్టుమచ్చలతో సహా అందు వ్రాయుదురు. పదవ తరగతి సర్టిఫికెట్టులో అచ్చగునది అదియే. తరువాత కళాశాలలో చేరుటకైనను, ఉద్యోగమునకైనను, పాస్‌పోర్టునకైనను ఆ పత్రమునే ముందుగా అడుగుదురు. పరీక్షకు ముందు ప్రధానోపాధ్యాయుని యొద్ద ఒక పూటలో సరియగు పొరపాటు, సర్టిఫికెట్టు వచ్చిన పిదప నెలల తరబడి తిరిగినను సరికాకపోవచ్చును.

ఇందు పొరపాట్లెట్లు వచ్చును? ఇంటిలో పిలుచు పేరు ఒకటి. ఒకటవ తరగతిలో చేర్చిన నాడు ఎవరో చెప్పగా వ్రాసిన పేరు ఒకటి. ఆధార్ కార్డులో నున్నది మరియొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకొకచోట ఒక్క పొడి అక్షరముగా ఉండును. లక్ష్మి యను పేరును ఇంగ్లీషు అక్షరములలో మూడు నాలుగు విధములుగా వ్రాయువారున్నారు. పుట్టిన తేదీ సంగతి చెప్పనవసరము లేదు. జూన్ మాసములో బడిలో చేర్చుటకు వీలుగా అప్పటికప్పుడు అనుకొని వ్రాయించిన తేదీలెన్నియో కలవు.

పర్యటనలో మేమొక రైతును కలిసికొంటిమి. ఆయన కుమారునికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినది. సర్టిఫికెట్టులో తండ్రి పేరు ఒక విధముగను, కుల ధ్రువపత్రములో మరియొక విధముగను ఉండుటచే రాయితీ నిలిచిపోయినది. “అక్షరమొక్కటి తేడా అండీ, దానికి ఆరుసార్లు పట్నం పోయి వచ్చితిని” అని ఆయన మాతో చెప్పినాడు. నామినల్ రోల్సు వ్రాయునాడు బడికి ఒక్కసారి పోయియున్న, ఆ ఆరు ప్రయాణములు తప్పియుండెడివి.

ఇచట పంచాయతీకి సూటియైన పాత్ర యున్నది. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషన్ చట్టము ననుసరించి గ్రామములలో జననముల నమోదు పంచాయతీ కార్యదర్శి చూచు పని. శిశువు పేరు లేకుండ జననము మాత్రమే నమోదైయున్నచో, నమోదు తేదీనుండి పదునైదేండ్లలోగా పేరు చేర్పించుకొనవచ్చును. పదవ తరగతి పిల్లలకు ఆ గడువు సరిగా ఆ రోజులలోనే ముగియుచుండునని గమనింపవలెను. ఇంకొక మెలిక. జననము జరిగిన చోటనే నమోదగును. కాన్పు పట్టణపు ఆసుపత్రిలో జరిగినచో, రికార్డు అచటి పురపాలక సంఘములో వెదకవలెను గాని సొంత గ్రామములో కాదు. ఈ చిన్న సంగతి తెలియక పంచాయతీ కార్యాలయము చుట్టు తిరుగు తలిదండ్రులు చాలమంది. కార్యదర్శి గారు జూలైలో ఒక దినము నిర్ణయించి, పదవ తరగతి పిల్లలను, వారి తలిదండ్రులను పిలిపించి, ఆధార్ కార్డును, జనన పత్రమును, బడి రికార్డును ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో సరిపోవును. కుల, ఆదాయ పత్రములకు దరఖాస్తు చేయించుట కూడ ఆ దినముననే జరుగవచ్చును. ఖర్చు ఏమియు లేదు.

పత్తి తీతలు, మిరప కోతలు

పాఠశాల సంవత్సరమును, వ్యవసాయపు సంవత్సరమును ప్రక్క ప్రక్కన వ్రాసికొని చూచినచో పిల్లలు ఏ మాసములలో బడికి పోరో తెలియును. విత్తన పత్తి వేయు నంద్యాల, గద్వాల ప్రాంతములలో పూవులకు క్రాసింగు చేయు పని వర్షాకాలములో వచ్చును. పత్తి తీతలు దసరా నుండి సంక్రాంతి దాటు వరకు సాగును. గుంటూరు, ఖమ్మము ప్రాంతములలో మిరప కోతలు సరిగా పరీక్షల ముందు మాసములలో ముమ్మరమగును. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి కుటుంబములకు కుటుంబములే మిరప కోతలకు గుంటూరు వైపు తరలిపోవుట అందరెరిగినదే.

“పిల్ల రెండు దినములు మానినచో ఏమగును?” అని తల్లి యనును. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. ఆ కూలి డబ్బుతో ఇల్లు గడువవలెను. కాని రెండు దినములు పది దినములగును. గణితములో ఒక అధ్యాయము పోయినచో, దానిపై నాధారపడిన తరువాతి అధ్యాయము కూడ పోవును. వలస పోవు కుటుంబముల పిల్లలను గ్రామములోనే నిలుపుటకు కొన్నిచోట్ల సీజనల్ హాస్టళ్లు నడుచుచున్నవి. అట్టి సౌకర్యమునకు పాఠశాల తరఫున అడిగించుటకు వలసలు మొదలు కాకముందే తీర్మానము చేయవలెను. బండి కట్టిన తరువాత కాదు. హాస్టలు లేనిచోట అవ్వ తాతల యింటిలోనో, బంధువుల యింటిలోనో పిల్లలను ఉంచుటకు తలిదండ్రులను ఒప్పించుట వార్డు సభ్యునకు సాధ్యమగు పని. ఆయన మాట వినువారు ఆ వీధిలో నుందురు. పై అధికారి మాటకు ఆ బలముండదు.

సంక్రాంతికి ముందు చదువు

పరీక్ష స్వరూపమును సభ్యులు కొంత తెలిసికొనుట మంచిది. విషయములు ఆరు, ఒక్కొక్కదానికి నూరు మార్కుల చొప్పున మొత్తము 600. ప్రతి విషయములోను విడివిడిగా ఉత్తీర్ణత కావలెను. ద్వితీయ భాషకు 20, తక్కిన వానికి 35 మార్కులు కనీసము. తెలుగులో 90 వచ్చినను, గణితములో 30 వచ్చిన బాలుడు తప్పినట్లే. కనుక ఆ యేటి ప్రణాళికలో మొదటి ప్రశ్న “ఎన్ని మార్కులు తెచ్చెదవు?” అని కాదు, “నీకు రానిది ఏది?” అని. ఆ బలహీనతను దసరాలోపల కనుగొన్నచో ఉపాధ్యాయునకు వ్యవధి యుండును. క్రొత్త పాఠములు సంక్రాంతికి ముగియునట్లు చూచుకొని, పండుగ తరువాత దినములను పాత ప్రశ్నపత్రములు వ్రాయుటకు, తప్పులు దిద్దుకొనుటకు వినియోగించుట అనుభవమున మేలైన పద్ధతి. చదివినది చేతితో, గడియారము ముందు పెట్టుకొని వ్రాయని పిల్లలు పరీక్షాస్థలమున తడబడుదురు.

ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఇంగ్లీషు అచ్చువేసిన ద్విభాషా పాఠ్యపుస్తకములు ఇప్పుడు పిల్లల చేతులలో నున్నవి. తెలుగు పుటను అక్కయో, అన్నయో, చదువు వచ్చిన పొరుగువారో చదివి వినిపింపవచ్చును. ఇంగ్లీషు మాధ్యమమున చదువు పిల్లకు ఇంటిలో సాయపడువారు లేరనుట పూర్తిగా నిజము కాదు.

చదువుకొనుటకు చోటు కావలెను. ఒక్క గదిలో టెలివిజను, వంట, పసిబిడ్డ, పదవ తరగతి పుస్తకము నాలుగును ఇముడవు. సాయంకాలము రెండు గంటలు పంచాయతీ కార్యాలయపు వరండాలోనో, గ్రంథాలయములోనో దీపము, పంకా, మంచినీరు ఏర్పరచి, ఊరిలో డిగ్రీ చదివిన యువకుడొకరిని, యువతి యొకతెను కనిపెట్టి యుండుమని కోరవచ్చును. 1960 నాటి గ్రంథాలయ చట్టము క్రింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నదని ఎంతమంది సభ్యులెరుగుదురో మాకు తెలియదు. మీ గ్రామము చెల్లించిన దానికి మీ గ్రామమునకు ఏమి వచ్చినదని జిల్లా గ్రంథాలయ సంస్థను అడుగుటలో తప్పులేదు.

ఫలితములు రాగానే ఊరి కూడలిలో మొదటి వచ్చిన పిల్లవాని బొమ్మతో ఫ్లెక్సీ కట్టుట ఇప్పుడు ఆచారమైనది. అది సంతోషకరమే. కాని అదే సొమ్ము నవంబరులో పాత ప్రశ్నపత్రముల పుస్తకములకు వెచ్చించిన, బొమ్మ పడని పిల్లలకు కూడ ప్రయోజనము కలిగియుండెడిదని మా యభిప్రాయము.

పది తరువాత

పరీక్ష ముగిసిన పిదప ఆలోచింతమనుట మరియొక పొరపాటు. పాలిటెక్నిక్ ప్రవేశమునకు పాలిసెట్, గురుకుల జూనియర్ కళాశాలల ప్రవేశ పరీక్ష మొదలగు వానికి దరఖాస్తులు పదవ తరగతి ఫలితములకు ముందే పుచ్చుకొందురు. ఫలితముల కొరకు వేచియున్నవారికి ఆ ద్వారములు మూతపడును. ఫిబ్రవరిలో ఒక గ్రామసభనాడు ప్రధానోపాధ్యాయుని పిలిచి ఈ మార్గములను తలిదండ్రులకు చెప్పించవలెను.

గ్రామములలో ఇంటర్మీడియెట్ ఒక్కటే మార్గమను భావన యున్నది. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేండ్లు. ఆ పిదప ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి పనులు రెండేండ్లలో నేర్తురు. గ్రామీణ విద్యార్థుల నుద్దేశించి 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయములో, అనగా జనులు ట్రిపుల్ ఐ.టి. యని పిలుచు బాసర, నూజివీడు, ఇడుపులపాయ మున్నగు చోట్ల, పదవ తరగతి మార్కుల ఆధారముగానే ఆరేండ్ల చదువునకు చేర్చుకొనుచున్నారు.

ఎనిమిదవ తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకారవేతనమునకు ఎన్నికైన పిల్లలు ఊరిలో ఉన్నారేమో చూడవలెను. వారికి తొమ్మిది మొదలు పన్నెండవ తరగతి వరకు సంవత్సరమునకు 12,000 రూపాయలు వచ్చును. పదవ తరగతిలో నూటికి 60 మార్కులు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి 55, వచ్చిననే అది కొనసాగును. ప్రతి యేడు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టవలెను. అది పెట్టక సొమ్ము పోగొట్టుకొనుట విచారకరము.

ఆడపిల్లల విషయమున ఒక మాట స్పష్టముగా చెప్పక తప్పదు. పరీక్షలు ముగియు వేసవియే పెండ్లి ముహూర్తముల కాలము. మంచి సంబంధము వచ్చినదని, కళాశాల దూరమని, పదునారేండ్ల పిల్లకు పెండ్లి తలపెట్టుదురు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము వధువునకు 18, వరునకు 21 ఏండ్లు నిండవలెనని చెప్పుచున్నది. 1098కి ఫోను చేసిన సాయము లభించును. కాని పెండ్లిపందిరిలో ఆపుటకంటె, ఆ పిల్ల ఏ కళాశాలలో, ఏ వసతిగృహములో చేరునో మార్చిలోనే తేల్చుట సులువు. తలిదండ్రుల భయము చాలవరకు ప్రయాణము గూర్చియే. తెలంగాణమున 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండియు ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఏర్పడినది. బస్సు వేళలు కళాశాల వేళలకు కుదరనిచో డిపో మేనేజరు గారికి పంచాయతీ తీర్మానము పంపుట ఉచితము.

ఫలితముల నాడు

ఫలితములు వెలువడిన సాయంకాలము సర్పంచి గారు మొదటి మార్కులు వచ్చిన యింటికి పోవుట వాడుక. తప్పిన పిల్ల యింటికి వార్డు సభ్యులెవరైన పోవలెనని మేము కోరుచున్నాము. ఆ రాత్రి ఆ యింటిలో కసురుకొను మాటలు ఎంత దూరము పోవునో చెప్పలేము. మనసు కుదురుపడని పిల్లలతో మాటలాడుటకు టెలిమానస్ అను సదుపాయము 14416 సంఖ్యపై కలదు. ఆ యింటివారికి చెప్పవలసిన కబురు కూడ ఒకటున్నది. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష కొద్ది వారములలోనే జరుగును. తప్పిన విషయములు మాత్రము వ్రాసి ఉత్తీర్ణులైనచో అదే సంవత్సరము కళాశాలలో చేరవచ్చును. ఏడు వృథా కాదు. రుసుము కట్టు గడువు మాత్రము ఫలితములు వచ్చిన కొద్ది దినములకే ముగియును. ఏడ్చుచు కూర్చున్న యింటిలో ఆ తేదీని జ్ఞాపకము పెట్టుకొనువారుండరు గనుక, సభ్యుడు ఆ తేదీని కాగితముపై వ్రాసి తీసికొని పోవలెను. ఎన్నడో బడి మానిన వారికి సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి వ్రాయు వీలున్నదని కూడ అదే కాగితముపై వ్రాసినచో, ఆ యింటి ప్రక్కవారికి పనికివచ్చును.