భాస్వరాన్ని లెక్కపెట్టిన నీలిరంగు

కోహీర్ చుట్టుపక్కల ఎర్రనేలల్లో పండే ఆలుగడ్డ నిండా పిండి ఉంటుంది. కుసుమ గింజలో నూనె, కందిపప్పులో మాంసకృత్తులు ఎక్కువ. జామపండు గింజలో మరో జామచెట్టును నిలబెట్టే సమాచారమంతా డీఎన్‌ఏ రూపంలో దాగి ఉంటుంది. ఏ జీవిని తీసుకున్నా ప్రధానమైన అణువుల కుటుంబాలు ఈ నాలుగే: పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు, కేంద్రకామ్లాలు. మొదటిది ఇంధనం. రెండోది నిల్వ, కణానికి పైపొర కూడా. మూడోది పనులన్నీ చేసిపెడుతుంది. నాలుగోది ఆ పనులు ఎలా చేయాలో తరతరాలకు అందిస్తుంది.

ఈ నాలుగింటి జీవితంలోనూ పాలుపంచుకునే మూలకం భాస్వరం. డీఎన్‌ఏ పోగుకు వెన్నెముక ఫాస్ఫేట్, చక్కెరల గొలుసే. కణత్వచాన్ని కట్టే కొవ్వుల్లో ముఖ్యమైనవి ఫాస్ఫేట్ ఉన్నవే. కణం గ్లూకోజును ఖర్చుపెట్టాలంటే ముందు దానికి ఫాస్ఫేట్ తగిలించాలి. చాలా మాంసకృత్తులు ఫాస్ఫేట్ అంటుకుంటే ఒక తీరుగా, ఊడితే మరో తీరుగా పనిచేస్తాయి. జీవకణంలో ఏం జరుగుతోందో తెలియాలంటే అందులో భాస్వరం ఎక్కడ ఎంతుందో కొలవగలగాలి. ఆ కొలతను తేలిక చేసిన పద్ధతి 1925లో పుట్టింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

అంతకుముందు భాస్వరాన్ని కొలవలేకపోయారని కాదు. ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ ఫాస్ఫేట్‌తో కలిసి లేతపసుపు సమ్మేళనం అవుతుంది. దానికి ఎలక్ట్రాన్లను ఇచ్చే మరో రసాయనం చేరిస్తే ముదురు నీలం వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1920లో బెల్, డోయిజీ ఈ సూత్రంతోనే రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కాని ఆ రంగు త్వరగా వెలిసిపోయేది. చిక్కు ఇంకోటి ఉంది. ద్రావణంలో ఫాస్ఫేట్‌తో కలవకుండా మిగిలిన మాలిబ్డేట్ చాలా ఉంటుంది. చేర్చిన రసాయనం దాన్ని కూడా నీలంగా మారిస్తే లెక్క తప్పుతుంది.

సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, అమెరికాలోని బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేక ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ నిలదొక్కుకున్నారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఓటో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలో చేరి, సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరం కొలత మీద పని మొదలుపెట్టారు. అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లమనే పదార్థం వాళ్ల చిక్కు విప్పింది. అది ఫాస్ఫేట్‌తో కలిసిన మాలిబ్డేట్‌ను నీలంగా మారుస్తుంది, విడిగా ఉన్నదాని జోలికి పోదు. నిమిషాల్లో రంగు తేలుతుంది, కొలత పూర్తయ్యేదాకా నిలుస్తుంది.

రంగును కొలిచింది కళ్లతోనే. ఫ్రాన్సులో జూల్ దుబోస్క్ 19వ శతాబ్దంలో చేసిన వర్ణమాపకంలో రెండు గాజు గిన్నెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో భాస్వరం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం, రెండోదాంట్లో పరీక్షించాల్సింది. గిన్నెను పైకి కిందికి జరుపుతూ, కటకంలో కనిపించే రెండు అర్ధవృత్తాలు ఒకే నీలంగా తేలేదాకా సరిచేస్తారు. అప్పుడు రెండు ద్రావణాల లోతుల నిష్పత్తిని బట్టి భాస్వరం లెక్క వచ్చేస్తుంది.

ఈ పద్ధతి అసలు సత్తా కండరం దగ్గర తేలింది. పిల్లి కండరంలోంచి తీసిన ద్రవానికి రసాయనాలు కలిపితే, మామూలు ఫాస్ఫేట్‌కు వచ్చినట్టు నీలం ఒక్కసారిగా రాలేదు. మొదట పలచగా కనిపించి, క్రమంగా చిక్కబడుతూ పోయింది. రసాయనాలు చెడిపోయాయనుకుని పారబోయడానికి కావలసినంత కారణం అది. ఫిస్కే, సుబ్బారావు అలా చేయలేదు. కండరంలో ఫాస్ఫేట్ ఇంకేదో అణువుకు అతుక్కుని ఉందని, ఆమ్లంలో ఆ బంధం నెమ్మదిగా తెగుతున్నకొద్దీ నీలం పెరుగుతోందని గ్రహించారు. ఆ అణువు క్రియాటిన్. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకానికి చెప్పారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఇదే పదార్థం దగ్గరికి చేరారు. కండరం పనిచేసేటప్పుడు అది విరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ తయారవుతుంది. కండరానికి శక్తినిచ్చేది లాక్టిక్ ఆమ్లం తయారయ్యే ప్రక్రియేనన్న నమ్మకం దీంతో కదిలిపోయింది. లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపినా కండరం కొంతసేపు పనిచేస్తుందని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ చూపించారు.

1929లో మరో పెద్ద అణువు బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు దాదాపు ఒకేసారి కండరంలో ఏటీపీని గుర్తించారు. అడినోసిన్‌కు మూడు ఫాస్ఫేట్లు తగిలించిన అణువిది. చివరి ఫాస్ఫేట్ విడిపోయినప్పుడు వచ్చే శక్తితోనే కణం చాలా పనులు చేసుకుంటుందని 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ వివరించారు. పిండిపదార్థాలు, కొవ్వులు గాదెలో పోసిన ధాన్యమైతే, ఏటీపీ వండి వడ్డించిన అన్నం. గాదె ఎంత నిండినా ఆకలి తీరేది విస్తట్లో అన్నంతోనే. ఆలుగడ్డ మొలకకూ, పరుగెత్తే మనిషికీ, బాక్టీరియాకూ ఈ ఒక్క అణువే పనికొస్తోంది.

1925లో పుట్టిన పద్ధతి అక్కడితో ఆగలేదు. ఆసుపత్రుల్లో రక్తంలోని భాస్వరాన్ని దీంతోనే కొలిచారు. 1959లో బార్ట్‌లెట్ దీన్ని కొద్దిగా మార్చి, కణత్వచంలోని ఫాస్ఫోలిపిడ్లను లెక్కించేందుకు అనువుగా తీర్చిదిద్దారు. వేల పరిశోధన వ్యాసాలు 1925 నాటి ఆ పత్రాన్ని ప్రస్తావించాయి. సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, బోదకాలు మందు డైఇథైల్ కార్బమజైన్ వెలువడిన పరిశోధనలను నడిపించారు. 1948లో 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఈ నీలిరంగు కుటుంబం ఇప్పుడు పొలాల దాకా వచ్చింది. మన భూసార పరీక్ష కేంద్రాల్లో అందుబాటు భాస్వరాన్ని కొలిచేది మాలిబ్డినం నీలంతోనే. నీలం తెప్పించేందుకు ఇప్పుడు ఎక్కువగా విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం వాడతారు. దుబోస్క్ గిన్నెల చోటును విద్యుత్ పరికరం తీసుకుంది. సూత్రం మాత్రం అదే.

ఎర్రనేలలకు ఈ పరీక్ష మరీ అవసరం. వాటిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు ఫాస్ఫేట్‌ను గట్టిగా పట్టేస్తాయి. ఒక 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం ఎరువుల లెక్కన 23 కిలోలు ఉంటుంది. వేసినదంతా ఆ ఏడు పంటకు అందదు, చాలాభాగం మట్టిలోనే చిక్కుకుంటుంది. ఏటా వేస్తూ పోతే నిల్వ పేరుకుంటుంది, ఖర్చూ పెరుగుతుంది. మన దేశంలో భాస్వరం ఎరువులకు కావలసిన ముడిసరుకులో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్నదే.

ఆకు రంగు చూసి భాస్వరాన్ని అంచనా కట్టడం ఎంత అనుభవమున్న రైతుకైనా కష్టం. సుబ్బారావు ఇచ్చిన పాఠం సూటిగా ఉంది: ముందు కొలవాలి, తర్వాతే నిర్ణయించాలి. జీవానికి శక్తినిచ్చే అణువు దొరికింది కూడా కొలత నిక్కచ్చిగా ఉండబట్టే. కోహీర్ రైతులు ఈసారి విత్తే ముందు, గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలున్న చోట కాకుండా, చేనులో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు దాకా మట్టి తీయండి. బాగా కలిపి అర కిలో నమూనా మీ వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) ఇవ్వండి. డీఏపీ ఎన్ని బస్తాలు కొనాలో ఆ ఫలితం వచ్చాకే నిర్ణయించుకోండి.