ఇంటి కంప్యూటరు: ఏ భాగానికి ఎంత?

గుండ్లకమ్మ నదికి కొండల నడుమ కట్ట వేయగా కంభం చెరువు ఏర్పడింది. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ దానిని కట్టించిందని చెబుతారు. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలలో దానికి స్థానం లభించింది. కాని చెరువు ఎంత పెద్దదైనా, తూము చిన్నదైతే పొలానికి నీరు చాలదు. తూము పెద్దదై, చెరువులో నీరు లేకపోయినా అంతే.

కంప్యూటరు సంగతీ ఇటువంటిదే. ఒక్క భాగానికే డబ్బంతా పోసి, తక్కిన వాటిని చిన్నచూపు చూస్తే ఆ డబ్బు వృథా. పంట డబ్బుతో కొనే ఇంట్లో పొరపాటు జరిగితే మళ్లీ పంటదాకా ఆగవలసిందే. అందుచేత కొనేముందే ఆలోచించాలి.

చదువుకు, లెక్కలకు, పాఠాల వీడియోలకు ఒక కంప్యూటరు కావాలనుకోండి. మొదట చూడవలసినది ప్రాసెసర్. లెక్కలన్నీ చేసేది అదే. అందులోని కోర్లు పనివాళ్ల వంటివి. ఇంటి పనికి నలుగురు చాలు. అయితే ఒక మెలిక ఉన్నది. తెరమీద బొమ్మ చూపే శక్తి అన్ని ప్రాసెసర్లకూ ఉండదు. ఇంటెల్ వారి డెస్క్‌టాప్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉంటే ఆ శక్తి లేదన్నమాట. చవక కదా అని దానిని కొంటే, వేరే గ్రాఫిక్స్ కార్డు కొనేదాకా తెర నల్లగానే ఉంటుంది!

రెండవది ర్యామ్. మార్కాపురం పలకలు మీకు తెలుసు కదా? ర్యామ్ కంప్యూటరుకు పలక వంటిది. చేస్తున్న పనిని దానిమీదనే రాసుకుంటుంది. కరెంటు పోగానే అంతా చెరిగిపోతుంది. పలక చిన్నదైతే మాటిమాటికీ ఉన్న లెక్కను పుస్తకంలోకి ఎక్కించి, తుడిచి, మళ్లీ రాయాలి. ర్యామ్ చాలని కంప్యూటరు నత్తనడక నడిచేది ఇందుకే. 8 జీబీ అయినా ఉండాలి. 16 అయితే మేలు. ఇందులో డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలున్నవి. ఒకదాని గాడిలో మరొకటి పట్టదు. కాబట్టి ప్రాసెసర్, ర్యామ్ రెండూ మదర్‌బోర్డుకు సరిపోయేవేనా అని ముందే అడగాలి.

మూడవది ఆ పుస్తకమే. కరెంటు పోయినా ఇందులో రాసినది పోదు. హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతుంటే, ఒక ముల్లు దానిమీద వెతుక్కుంటూ పోవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. అందుచేత అది ఎంతో చురుకైనది. పాత కంప్యూటరుకు ఇది ఒక్కటి అమర్చినా కొత్త ప్రాణం వచ్చినట్టుంటుంది.

నాలుగవది ఎస్‌ఎంపీఎస్. 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి అన్నిటికీ పంచుతుంది. పైకి కనిపించదు గనుక చాలామంది ఇక్కడే డబ్బు మిగల్చాలని చూస్తారు. నాసిరకం పెట్టె చెడితే తనతోపాటు ఇతర భాగాలనూ చెడగొట్టవచ్చు! గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరుకు 450 వాట్లది ధారాళంగా చాలు. కాని అది నాణ్యమైనది కావాలి. దానికి తోడు చిన్న యూపీఎస్ ఉంటే, కరెంటు పోయినప్పుడు పలకమీది లెక్కను పుస్తకంలోకి ఎక్కించుకునే వ్యవధి దొరుకుతుంది.

ఇతరులు వాడిన కంప్యూటరు చవకగా వస్తుంది. అయితే విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ వారి 8వ తరానికి ముందటి ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11కు అర్హమైనవిగా మైక్రోసాఫ్ట్ వారు ఒప్పుకోరు. అటువంటి దానిలో లినక్స్ వేసుకోవచ్చు, అది ఉచితం.

అంగడిలో రంగురంగుల దీపాలు మెరిసే పెట్టెలు కనబడతాయి. ఆ దీపాలు ఒక్క లెక్క కూడా చేయవు! ఆ డబ్బు ర్యామ్‌కు పెట్టమని మీ నాన్నగారితో చెప్పండి.